వేరే పళ్లెం అడగలేక

ప్రయాణాల గురించి రాసేవాడికి కాళ్లకంటే ముందు పొట్ట గట్టిగా ఉండాలి. చేతిలో పెట్టింది నోట్లో వేసుకుంటేనే కొత్త మనిషి రెండో మాట మాట్లాడతాడు. పత్రికలో పనిచేసినన్నాళ్లూ ఊళ్లు పట్టుకు తిరిగి నేర్చుకున్న విద్య అదొక్కటే. ఇప్పుడు అదీ పనికిరాకుండా పోయింది. రెండేళ్ల క్రితం నాకు సీలియాక్ అని తేలింది. అప్పటినుంచి ఏ ఊరు వెళ్లినా సంచిలో నా అటుకులు, నా వేరుశనగలు, నా స్టీలు గిన్నె.

జబ్బు సంగతి ముందే చెప్పేస్తాను. గోధుమలో, బార్లీలో గ్లూటెన్ అనే మాంసకృత్తి ఉంటుంది. చపాతీ పిండి తెగకుండా సాగేది దానివల్లే. కొందరి ఒంట్లో అది చిన్నపేగులోకి దిగగానే శత్రువు వచ్చాడనుకుని ఒళ్లు తన పేగునే గాయపరుచుకుంటుంది. మా గుడివాడ డాక్టరు టర్కీ తువ్వాలు చూపించి చెప్పాడు. దానిమీద లేచి ఉండే నూలు పోగులు అరిగిపోతే తువ్వాలు నీళ్లు పీల్చదు. పేగు గోడ కూడా అంతే, ఎంత తిన్నా ఒంటికి పట్టదు. మందు లేదు. గోధుమ మానేయడమే, బతికినన్నాళ్లూ. తగ్గిస్తే చాలదు, రొట్టె తుంపు రాలినా లెక్కే. ఒకరినుంచి ఒకరికి అంటదు. పదేళ్లకు బయటపడవచ్చు, నాలాగా అరవై దాటాకా పడవచ్చు.

నాకు కడుపు నొప్పికంటే ముందు వచ్చింది అలసట. మెట్టు ఎక్కితే కూర్చోవాలి, కూర్చుంటే లేవలేను. రక్తం తక్కువన్నారు, ఇనుము మాత్రలు ఇచ్చారు. రాత్రి డ్యూటీలు చేసిన ఒళ్లు కదా అని అందరూ సరిపెట్టారు, నేనూ సరిపెట్టుకున్నాను. అన్నం తినే జిల్లాలో గోధుమను ఎవరు అనుమానిస్తారు? పొద్దున ఉప్మా, సాయంత్రం బ్రెడ్డు ముక్క, పండక్కి సేమ్యా పాయసం, అలా చేరింది అది.

మెదక్‌నుంచి ఫోన్ చేసింది నస్రీన్. మా పాత మెదక్ విలేకరి ఖాదర్ భాయ్ కోడలు. వార్తల కవరు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపే రోజులనుంచి ఖాదర్ భాయ్ నాకు స్నేహితుడు. అతని మనవరాలు సుమయ్యాకు పదేళ్లు, నా జబ్బే. ఏడాదిగా గోధుమ మానేసింది. అయినా బరువు పెరగలేదు, రక్తపరీక్ష మారలేదు. ఈ పరహేజ్, అంటే పథ్యం, వల్ల ఒరిగిందేమీ లేదు, పిల్ల ఇంకా చిక్కిపోతోంది, రంజాన్ దాకా చూసి ఆపేద్దాం అని ఇంట్లో అనుకుంటున్నారు. ఆపితే పిల్ల ఏమవుతుందో నస్రీన్‌కి తెలుసు. "ఒక్కసారి వచ్చి పోండ్రి అంకుల్. మీది గూడ గదే బీమారి గద. మీరు చెప్తే ఇంటరు" అంది.

అంత దూరం కూర్చోగలనా అని రెండు రోజులు ఆలోచించి బయల్దేరాను.

నర్సాపూర్ అడవిలో మలీద

గుడివాడనుంచి హైదరాబాద్ చేరి మెదక్ బస్సెక్కాను. బాలానగర్ దాటాక పక్క సీటులోకి ఒకావిడ వచ్చి కూర్చుంది. శంకరంపేట మనిషి. హైదరాబాద్‌లో కూతురి దగ్గరికి వచ్చి, అక్కడి దర్గాలో మొక్కు చెల్లించి తిరిగి వెళుతోంది. మొక్కింది బర్రె కోసమట. తప్పిపోయిన బర్రె మూడో రోజు దానంతట అదే ఇంటికొచ్చిందట. ఆ కథ అడవి మొదలయ్యేదాకా సాగింది. అడవి దగ్గర కోతులు రోడ్డు పొడుగునా బారులు తీరి కూర్చున్నాయి, ప్రతి బండీ తమకోసమే వస్తున్నట్టు.

అప్పుడామె డబ్బా తీసి నా అరచేతిలో ముద్ద పెట్టింది. మలీద. గోధుమ రొట్టెలు చేత్తో నలిపి, బెల్లం, నెయ్యి కలిపి కట్టే ముద్ద. మా వైపు చలిమిడి ఎలాగో ఇక్కడ దేవుడికి ఇది అలా. ఇంకా నెయ్యి వాసన వస్తోంది. నేను చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

"తినుండ్రి సార్. జూస్తరేంది? దేవునిది" అంది.

నాకు గోధుమ పడదని, డాక్టరు మానమన్నాడని చెప్పాను. ఆమె నా చొక్కాను, కళ్లజోడును, సంచిని చూసింది. గోధుమ పడకపోవడం అనే మాట ఆమె ఎప్పుడూ వినలేదు. వినిపించింది వేరే మాట. ఆ మాట ఆమె ముఖంలో కనబడింది. మా చేతిది తినడా ఈయన, అని. నేను పేగుల గురించి, తువ్వాలు గురించి చెప్పబోయి మధ్యలో ఆపేశాను. బస్సు కుదుపుల్లో అంత వివరించే ఓపిక లేదు.

"పైసలున్నోళ్లకు రోగాలు గూడ కొత్తయే వస్తయ్" అని, నా చేతిలోని ముద్ద తీసుకుని తనే తినేసింది. "నీ పాలుది గూడ నాకే రాసిపెట్టి ఉంది తియ్" అని నవ్వింది. ఆ నవ్వుతో నాకు కొంచెం ఊపిరాడింది. దిగేముందు ఆమె సంచి చేతికందించబోతే మాత్రం వద్దని తనే మోసుకుపోయింది.

బస్టాండు ఎదుట చాయ్

మెదక్‌లో దిగేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయి. చర్చి శిఖరం ఒకవైపు, ఖిల్లా గుట్ట ఇంకోవైపు, మధ్యలో ఎండ. బస్టాండు ఎదుటి హోటల్లో కూర్చున్నాను. చాయ్ పదిహేను రూపాయలు. మా ఊళ్లో ఆ ధరకు గ్లాసు నిండా ఇస్తారు. ఇక్కడ చిన్న కప్పు, కానీ పాలు చిక్కగా కాగి ఉన్నాయి. అడక్కుండానే సాసర్లో రెండు ఉస్మానియా బిస్కట్లు పెట్టారు. వద్దంటే హోటలాయన నొచ్చుకున్నాడు. బిస్కట్ లేకుండా చాయ్ తాగేది బుఖార్, అదే జ్వరం, వచ్చినోళ్లే కదా అన్నాడు. బుఖార్ లాంటిదే అన్నాను. అయితే చాయ్‌లో అల్లం వేయిస్తానని లేచాడు, దానికి డబ్బు తీసుకోలేదు.

ఖాదర్ భాయ్ స్కూటర్ మీద వచ్చాడు. డెబ్భై దాటాయి, మనిషి ఇంకా నిటారుగానే ఉన్నాడు. నన్ను చూసి, "ఏంది రావు భాయ్, గింత ఎండిపోయినవ్? మా పిల్లనే నయమున్నది" అన్నాడు. వెనక కూర్చోమన్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా జర పట్టుకో అంటూ ఇంటిదాకా తీసుకెళ్లాడు.

ఖాదర్ భాయ్ ఇంట్లో

నస్రీన్ వంటిల్లు చూశాక నాకు చెప్పడానికేమీ మిగల్లేదు. ఆమె నాకంటే ఎక్కువ జాగ్రత్త. జొన్నలు పుట్టిల్లు టేక్మాల్‌నుంచి తెప్పించి, ఏరి, కడిగి, ఎండబెట్టి ఇంట్లోనే పట్టుకుంటుంది. గిర్నీకి, అంటే పిండి మరకు, పంపితే గోధుమ పిండి కలుస్తుందని. ఇంగువలో మైదా కలుపుతారని తెలిసి ఇంగువ మానేసింది. ఇంట్లో గోధుమ తినేది ఖాదర్ భాయ్ ఒక్కడే. ఆయనకు షుగర్. అన్నం తగ్గించి పూటకు రెండు గోధుమ రొట్టెలు తినమని డాక్టరు చెప్పాడు. ఆ పిండి డబ్బా వరండాలో ఉంటుంది. ఆయన భార్య హమీదా బేగం పెరట్లో వేరే పొయ్యి మీద, వేరే పెనం మీద ఆ రొట్టెలు కాలుస్తుంది. నస్రీన్ భర్త యూసుఫ్‌కి మోటారు వైండింగ్ దుకాణం. అతను పగలు అక్కడే తింటాడు, రాత్రి అందరూ తిన్నాక వస్తాడు.

ఇన్ని తలుపులు మూసిన ఇంట్లోకి గోధుమ ఎక్కడినుంచి వస్తోంది?

సుమయ్యా ఏడేళ్ల పిల్లలా ఉంది. బడిలో ప్రార్థనకు ముందు వరసలో మొదట నిలబెడతారట, అది తనకు ఇష్టం లేదు. నన్ను చాలాసేపు పరిశీలనగా చూసింది. "నీకు గూడ గోధుమ బందేనా తాతా?" అని అడిగింది. అవునన్నాను.

"కేక్ గూడనా?"

"కేక్ కూడా."

"నువ్వు ఏడ్చినవా?"

ఏడవలేదన్నాను. నమ్మినట్టు లేదు.

సాయంత్రం దస్తర్‌ఖాన్ పరిచారు. నేల మీద పువ్వుల గుడ్డ, మధ్యలో పెద్ద పళ్లెం, అందులో రాశిగా అన్నం. పక్కన ఒకే గిన్నెలో మాంసం సాలన్, ఇంకో గిన్నెలో పుల్లటి పప్పు. అందరి చేతులూ ఒకే పళ్లెంలోకి. ఈ ఇంట్లో నేను మొదటిసారి తిన్న రోజునుంచి ఇదే పద్ధతి. మా వైపు ఇది ఊహకందదు. మా ఇళ్లలో ఎంగిలి అనే మాట ఉంది. ఎవరి విస్తరి వారిది, తినే చెయ్యి గిన్నె మీదికి రాకూడదు. ఆ మాట వెనక ఎన్ని అవమానాలున్నాయో నాకు తెలుసు. మా ఊరి కాఫీ హోటలు బయట చూరులో కొందరికని వేరే గ్లాసులు దోపి ఉండేవి. అయినా ఒక నిజం చెప్పాలి. గత రెండేళ్లుగా నా పేగును కాపాడుతున్నది ఆ ఎంగిలి పట్టింపే.

ఖాదర్ భాయ్ గోధుమ రొట్టె తుంచి సాలన్ గిన్నెలో ముంచాడు. తిన్నాడు. మళ్లీ ముంచాడు. తర్వాత అదే చేత్తో గిన్నెలో వెదికి మెత్తటి ముక్క ఏరి, మనవరాలి వైపు అన్నం మీద పెట్టాడు. ఇంకో ముక్క వెదికి నా వైపు పెట్టాడు. "తిను. నడుస్తుంటే పడిపోయేటట్టున్నవ్" అన్నాడు.

గోధుమ వచ్చే తలుపు అక్కడే కనబడింది. నాకొక గిన్నె వేరుగా పెట్టమ్మా అంటే సరిపోయేది. సంచిలో నా గిన్నె కూడా ఉంది. కానీ ఒక హిందువు వచ్చి, ఇన్నేళ్లు తిన్న ఇంట్లో, ఒకే పళ్లెం ముందు కూర్చుని, నాకు వేరే పెట్టండి అనడం ఎలా ఉంటుందో మీరే ఊహించండి. పొద్దున బస్సులో చూసిన ముఖం ఇక్కడ కూడా చూడలేననిపించింది. తిన్నాను.

మంచం మీద రెండో రోజు

మెదక్‌లో నా రెండో రోజంతా ఒక కిటికీ. అందులో ఒక తీగ, దానిమీద ఆరేసిన బడి బట్టలు. తెల్లవారేసరికి వాంతులు, కడుపులో తాడు మెలిపెట్టినట్టు నొప్పి, ఆ తర్వాత ఆ పాత అలసట. చెయ్యి ఎత్తాలంటే కూడా ముందు తీర్మానం చేసుకోవాలి. చూద్దామనుకున్న ఖిల్లా అక్కడే ఉండిపోయింది.

మధ్యాహ్నం నస్రీన్ గంజిలో ఉప్పు కలిపి తెచ్చింది. తలుపు దగ్గర నిలబడి, నేను తాగడం మొదలుపెట్టాక అడిగింది.

"చూసిండ్రా అంకుల్?"

చూశానన్నాను.

"నాకు ఎప్పటిసంది ఎరుకనే. మామ చెయ్యి తియ్యమని నేనెట్ల అనాలె? ఆ ముక్క ఆయన పెడితెనే పిల్ల తింటది."

నన్ను ఎందుకు పిలిచిందో అప్పుడు అర్థమైంది. జబ్బు గురించి ఈ ఇంటికి నేను చెప్పాల్సింది లేదు. కోడలు అనలేని ఒక్క మాటను, మామ వయసువాడు, అదే జబ్బున్నవాడు అనాలి. ఆ మాట రాత్రి నేనూ మింగేశాను.

పిల్లకు వేరే పళ్లెం పెట్టి చూడలేదా అని అడిగాను. మొదట్లో అదే చేశారట. ఫ్రిజ్ పక్కన చాప, చాప మీద తన పళ్లెం, తన గ్లాసు. సుమయ్యా అన్నం కెలికి లేచిపోయేది. నేనేం తప్పు చేసినా అని అడిగేది. వారం తిరిగేసరికి ఇంకా చిక్కింది. హమీదా బేగం ఆ పళ్లెం తీసి అటక మీద పారేసింది.

ఆ మాటలు విని హమీదా బేగమే లోపలికి వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. "ఒక్కతె కూసోని తింటే పిట్ట గూడ తినది భాయ్ సాబ్. ఒక్క పళ్లెంల తింటెనే బర్కత్, తిన్నది ఒంటికి పడ్తది. పిల్లను దూరం కూసోబెట్టుడు నాతోని కాదు" అంది. కోపంగా అనలేదు. నా నుదుటి మీద చెయ్యి వేసి, జ్వరం లేదని నిర్ధారించుకుని, ఇంకో గ్లాసు గంజి తెమ్మని కోడలికి చెప్పింది.

ఇద్దరూ చెప్పింది సరైనదే. గోడవైపు తిరిగి పడుకున్నాను.

హవేలిఘనపూర్ వైపు

మూడో రోజు పొద్దున లేచి కూర్చోగలిగాను. గాలి తగిలితే తేరుకుంటావని ఖాదర్ భాయ్ స్కూటర్ తీశాడు. హవేలిఘనపూర్ దారిలో నాట్లు పూర్తయిన మళ్లు, గట్ల మీద కొంగలు. నీళ్ల మీద పలచటి ఎండ. మా కృష్ణా కాలువల కింద మడి చూస్తే సముద్రంలా ఉంటుంది. ఇక్కడ గుట్టల మధ్య చిన్న చిన్న ముక్కలుగా, ఎవరో కత్తిరించి పరిచినట్టుంది. ఒక కల్వర్టు మీద కూర్చున్నాం.

నిన్న నాకేమైందో చెప్పాను. సాలన్ గిన్నె గురించి చెప్పాను. రొట్టె తుంచిన చేతికి అంటుకున్న నలుసు చాలని చెప్పాను. సుమయ్యా కడుపులో రోజూ జరుగుతున్నది నాకు నిన్న ఒక్కసారి జరిగిందని, పరహేజ్ పనిచేయకపోవడం కాదు, అసలు అది ఇంకా మొదలే కాలేదని చెప్పాను. ఇంత మాట్లాడేసరికి ఆయాసం వచ్చింది.

ఆయన తన కుడిచెయ్యి చూసుకున్నాడు.

"నా చెయ్యా?" అన్నాడు.

ఒక ట్రాక్టరు వెళ్లింది, దానిమీది మనిషి నమస్తే పెట్టాడు, ఈయన పెట్టలేదు. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. వార్తల కోసం ఊళ్లు తిరిగినన్నాళ్లూ కొన్ని ఇళ్లలో ఆయనకు చాయ్ ఇచ్చేవారట. పేరు పెట్టి పిలిచేవారు, కుర్చీ వేసేవారు, తాగాక గ్లాసు మాత్రం కడిగి అక్కడ బోర్లించి పొమ్మనేవారు. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు.

"కడిగి పెట్టి వచ్చేటోణ్ణి. వార్త కావాలె గద" అన్నాడు. "గందుకే నా ఇంట్ల ఎవరికీ వేరే పళ్లెం పెట్టనియ్యలే. వచ్చినోడు ఎవడైనా సరే. ఇప్పుడు నా పోరికి నేనే పెట్టాల్నా?"

"జొన్న రొట్టె తినరాదూ?"

"నోట్ల పండ్లు లేవు భాయ్. నానబెట్టుకొని తిన్న కొన్నొద్దులు. షుగర్ గోళీలకంటే అదే కష్టముండె" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. లేచి స్కూటర్ స్టార్ట్ చేశాడు. తిరుగు దారిలో గతుకులు వచ్చినా పట్టుకొమ్మని చెప్పలేదు. నేను చెడ్డపని చేశానేమో అనుకుంటూ ఆయన భుజం పట్టుకుని కూర్చున్నాను.

బయల్దేరేముందు భోజనం

మధ్యాహ్నం బస్సు. దానికి ముందు తినే వెళ్లాలని హమీదా బేగం పట్టుబట్టింది. ఆదివారం కాబట్టి సుమయ్యా ఇంట్లోనే ఉంది. దస్తర్‌ఖాన్ ఉతికి పరిచారు. పెద్ద పళ్లెంలో అన్నం, గోంగూర మాంసం, నస్రీన్ చేసిన జొన్న రొట్టెలు. హమీదా బేగం పెరట్లోంచి రెండు గోధుమ రొట్టెలు గుడ్డలో చుట్టి తెచ్చింది.

ఖాదర్ భాయ్ గుమ్మంలోనే అవి అందుకున్నాడు. చిన్న గిన్నెలో కూర తనే పోయించుకున్నాడు. వరండాలోకి వెళ్లి, గోధుమ పిండి డబ్బా పక్కన కుర్చీ వేసుకుని, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"గదేంది, గాడ కూసున్నరు?" అంది హమీదా బేగం.

"నా షుగర్ రొట్టెలు ఈడ తింట. మీరు కానియ్యుండ్రి."

ఆమె ఏదో అనబోయి కోడలి ముఖం చూసి ఆగింది. నస్రీన్ తల వంచుకుని రొట్టెలు సర్దుతోంది. ఆ ఇంటి పెద్దమనిషి బయట ఒక్కడే తినడం నేను చూడటం అదే మొదలు.

సుమయ్యా వరండాలోని తాత వైపు చూస్తూ కూర్చుంది. "దాదా అలిగిండా?" అని అడిగింది.

"అలుగుడు గాదు, పరహేజ్" అంది హమీదా బేగం.

"పరహేజ్ నాది గద?"

"గోధుమ తినేది ఎవరు? నువ్వా, దాదానా? తినేటోళ్లకే పరహేజ్. నువ్వు లోపల కూసోని తిను."

పిల్లకు ఇది న్యాయంగానే తోచినట్టుంది. కానీ తన ముందు పెట్టిన అన్నం ముట్టలేదు. ముక్క ఏరి పెట్టే చెయ్యి కోసం చూస్తోందని మా అందరికీ తెలుసు. నస్రీన్ పెట్టబోతే తల తిప్పుకుంది. మళ్లీ ఫ్రిజ్ పక్కన చాప రోజులు వస్తాయేమోనని నస్రీన్ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

బయట కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. ఖాదర్ భాయ్ సబ్బుతో చేతులు కడుగుతున్నాడు. మోచేతులదాకా కడిగాడు. నోరు పుక్కిలించాడు. చొక్కా ముందువైపు దులుపుకుని, తృప్తి కలగక, దాన్ని విప్పి తీగ మీద వేసి, బనియన్‌తో లోపలికి వచ్చాడు. దస్తర్‌ఖాన్ అంచున, మనవరాలి పక్కన మోకాళ్లు నొక్కుకుంటూ కూర్చున్నాడు. కుడిచెయ్యి పళ్లెం మీదికి చాపి, మధ్యలో ఆపాడు.

సుమయ్యా ఆ చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి చూసింది, తిప్పి వెనక చూసింది. ఒక్కో గోరు దగ్గరగా పెట్టుకుని చూసింది. ఆయన పరీక్షకు కూర్చున్నవాడిలా కదలకుండా ఉన్నాడు. హమీదా బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చిటికెన వేలు దగ్గర పిల్ల ఆగింది. "ఇంకోసారి కడుక్కో దాదా" అంది.

ఆయన లేచి కుళాయి దగ్గరికి వెళ్లాడు.